జ్వరం తగ్గింది, అమ్మ పడిపోయింది

(చీరాలలో పేట కార్యకర్తల సమావేశంలో ఒక ఉపాధ్యాయుడు చేసిన ప్రసంగ పాఠం. మాట్లాడిన తీరును వీలయినంత వరకు మార్చకుండా అచ్చు వేస్తున్నాం.)

 

నేను భూమి సమస్య మీదో, రిజర్వేషన్ల మీదో మాట్లాడతాననుకుని వచ్చినవాళ్ళు ఉంటారు. ఈరోజు నేను మాట్లాడబోయేది పక్షవాతం గురించి. కాలూ చెయ్యీ పడిపోవడం గురించి. అందులోనూ మామూలు దగ్గు, జలుబు, జ్వరం వచ్చి, తగ్గిపోయింది కదా అని మనం ఊపిరి పీల్చుకున్న తరువాత పడిపోవడం గురించి. "ఉద్యమ సభలో డాక్టరు మాటలేంది మాష్టారూ?" అని వెనక ఎవరో అంటున్నారు. వినపడింది. చెబుతాను.

1985 జూలైలో కారంచేడు నుంచి మనవాళ్ళు నెత్తురోడుతూ ఈ చీరాలకే వచ్చారు. అప్పుడు నేను పలక పట్టుకునే పిల్లవాణ్ణి. ఆ ఊచకోతకు ముందు రోజు గొడవ ఎక్కడ మొదలయ్యింది? తాగే నీళ్ళ చెరువు దగ్గర. మేము తాగే నీళ్ళలో గేదెల కుడితి కలపొద్దు అని అడిగినందుకు. నీళ్ళు శుభ్రంగా ఉండాలని అడగడం ఆరోగ్యం మాట కాదా? దళిత మహాసభ ఆ నెత్తుటిలోంచి పుట్టింది. కాబట్టి ఆరోగ్యం మన ఉద్యమంలోకి ఇప్పుడు కొత్తగా వచ్చిన విషయం కాదు. మనమే మధ్యలో దాన్ని డాక్టర్లకు వదిలేశాం.

ఇక మా అమ్మ సంగతి చెబుతాను. సిగ్గుపడే సంగతే. అయినా చెబుతాను.

మా అమ్మ మిరపకాయల కోతకు పోయే మనిషి. పొద్దున్నే ఆటోల్లో కుక్కుకుని పర్చూరు, ఇంకొల్లు వైపు పోతారే, ఆ ఆటోల్లో ఒక మనిషి. ఆ కూలి డబ్బులే నన్ను బీయస్సీ, బీఈడీ చదివించాయి. మా ఇంటావంటా డిగ్రీ పట్టా చూసిన మొదటి మనిషిని నేనే. బళ్ళో నేను చెప్పేది సైన్సు. పదో తరగతి పిల్లలకు బోర్డు మీద మెదడు బొమ్మ గీసి, ఎడమ మెదడు కుడి పక్కను నడిపిస్తుందిరా అని ప్రతి ఏడూ చెబుతున్నాను. ఈ మాట గుర్తుపెట్టుకోండి. మళ్ళీ దీని దగ్గరికే వస్తాను.

2022 జనవరి. ఒమిక్రాన్ అనే రకం కరోనా ఇంటింటా తిరుగుతున్న రోజులు. ఆ ఏడు నల్ల తామర పురుగు పడి మన వైపు మిరప తోటలు నాశనమయ్యాయి. రైతు సంగతి పేపర్లో వచ్చింది. కాయే లేని తోటలో కోత కూలి సంగతి ఏ పేపరూ రాయలేదు. పని దొరికిన రోజు వదులుకునే పరిస్థితి లేదు. అమ్మకు దగ్గు మొదలయింది. "మిరప ఘాటురా" అంది. మిరప కోతకు పోయే ఆడవాళ్ళు సంక్రాంతి నుంచి ఉగాది దాకా దగ్గుతూనే ఉంటారు. ఏది ఘాటు దగ్గో, ఏది వైరస్ దగ్గో ఎవరు తేల్చి చూస్తారు? రెండో రోజు జ్వరం తగిలింది. పరీక్ష చేయించలేదు. కరోనా అని తేలితే కూలికి పిలవరని భయం. నాలుగు రోజులకు జ్వరం తగ్గింది. ఏడో రోజు పనిలోకి పోయింది.

అమ్మకు అప్పటికే బీపీ ఉంది. జ్వరంలో అన్నం సహించక బిళ్ళ మానేసింది. "ఒట్టి కడుపున వేసుకుంటే కళ్ళు తిరుగుతున్నాయి" అంది. జ్వరం తగ్గాక కూడా మళ్ళీ మొదలుపెట్టలేదు. నేనూ అడగలేదు. పిల్లల మార్కులు నోటుపుస్తకంలో ఎక్కించుకునే నాకు అమ్మ బిళ్ళ గుర్తులేదు.

పదో రోజు తెల్లవారుజామున అయిదున్నరకు పొయ్యి దగ్గర కూలబడింది. మూతి ఒక పక్కకు లాగేసింది. కుడి చెయ్యి ఎత్తలేకపోయింది. నోట్లోంచి మాట ముద్దగా వచ్చి, తరువాత అదీ రాలేదు. చుట్టూ జనం చేరారు. గాలి సోకిందన్నారు. పావురం రక్తం పూయమన్నారు. ఒక పెద్దాయన, ఫలానా ఊళ్ళో పసరు మందు పోస్తారు, పోయిన ఏడు మా మేనల్లుడికి మూతి వంకర పోతే అక్కడే సరిగా అయింది అన్నాడు. నేను ఆటో పిలిచాను. ఆసుపత్రికి కాదు, పసరు మందుకు. బోర్డు మీద మెదడు బొమ్మ గీసే సైన్సు మాష్టరు వాళ్ళమ్మను పసరు మందుకు తీసుకుపోయాడు. అక్కడ వరస. మా వంతు వచ్చేసరికి పదకొండు. ముక్కులో పసరు పోస్తే అమ్మకు పొలమారి ఊపిరాడలేదు. అప్పుడు భయపడి పెద్ద ఆసుపత్రికి మళ్ళాం. స్కాన్ తీసేసరికి మధ్యాహ్నం మూడు. డాక్టరు కోప్పడలేదు. "పొద్దున ఏడుకో ఎనిమిదికో తెచ్చి ఉంటే ఇంజెక్షను చేసేవాళ్ళం మాష్టారూ" అన్నాడు. అంతే అన్నాడు. ఆ మాట నాకు ఇప్పటికీ నిద్రలో వినపడుతుంది.

ఆ తరువాత నేను చదవడం మొదలుపెట్టాను. తప్పు చేసిన తరువాత చదివిన చదువు ఇది. కనీసం మీకన్నా ముందే పనికిరావాలని చెబుతున్నాను.

పక్షవాతం కాలికీ చేతికీ వచ్చే జబ్బు కాదు. మెదడుకు వచ్చే జబ్బు. మెదడుకు నెత్తురు తీసుకుపోయే గొట్టం మూసుకుపోవచ్చు, లేదా పగిలిపోవచ్చు. ఎక్కువ మందికి వచ్చేది మూసుకుపోయే రకమే. నెత్తురు అందని మెదడు భాగం చచ్చిపోవడం మొదలుపెడుతుంది. మూసుకుపోయిన పెద్ద గొట్టాన్ని అట్లా వదిలేస్తే నిమిషానికి సుమారు 19 లక్షల మెదడు కణాలు పోతాయని లెక్క కట్టారు. మా అమ్మకు నేను పోగొట్టినవి తొమ్మిదిన్నర గంటలు. సైన్సు మాష్టర్ని కదా, గుణించి చూశాను. మీరు చూడొద్దు.

మరి జ్వరానికీ దీనికీ ఏమిటి సంబంధం? మన కాలవ చూడండి. ఏళ్ళ తరబడి అడుగున పూడిక చేరుతుంది. నీళ్ళు నిదానంగా పారినంత కాలం ఏమీ కాదు. వరద వచ్చిన రోజు ఆ పూడిక కదిలి, చెత్తా చెదారం కలిసి తూముకు అడ్డం పడుతుంది. బీపీ, చక్కెర, చుట్ట, బీడీ, సారా, ఇవన్నీ ఏళ్ళ తరబడి నెత్తురు గొట్టాల్లో పూడిక వేస్తాయి. ఫ్లూ గానీ కరోనా గానీ ఒంట్లోకి వచ్చినప్పుడు దాంతో పోరాడటానికి ఒళ్ళంతా వేడెక్కి వాస్తుంది. గొట్టం లోపలి గోడ కూడా వాస్తుంది. నెత్తురు తొందరగా గడ్డకట్టే గుణానికి వస్తుంది. ఆ పైన జ్వరంలో నీళ్ళు తాగం, నెత్తురు చిక్కబడుతుంది. కొందరికి గుండె లయ తప్పి కొట్టుకుంటుంది, గుండెలోనే గడ్డ కట్టి అది మెదడుకు ఎగిరిపోతుంది. వైరస్ పూడిక వెయ్యదు. ఉన్న పూడికను కదిలిస్తుంది.

ఇది నా ఊహ కాదు. ఇంగ్లండులో వేలాది మంది రోగుల రికార్డులు చూసి 2004లో ఒక అధ్యయనం అచ్చువేశారు. ఛాతీ జ్వరం వచ్చిన మొదటి మూడు రోజుల్లో పక్షవాతం ముప్పు మామూలు కన్నా సుమారు మూడు రెట్లు. తరువాత వారాల మీద మెల్లగా తగ్గుతుంది. కరోనా కాలంలో స్వీడన్ దేశంలో 86 వేల మందికి పైగా రోగుల్ని పరిశీలించి 2021లో చెప్పింది కూడా ఇదే: మొదటి రెండు వారాల్లో ముప్పు సుమారు మూడు రెట్లు. 2020 ఏప్రిల్‌లో న్యూయార్కు డాక్టర్లు 50 ఏళ్ళ లోపు వాళ్ళకు అయిదుగురికి కరోనాతో పాటు పెద్ద పక్షవాతం రావడం చూసి లోకానికి తెలియజేశారు. అమెరికాలో మాజీ సైనికుల లెక్కలు తీస్తే, కరోనా వచ్చిన ఏడాదిలో పక్షవాతం ముప్పు రానివాళ్ళ కన్నా ఒకటిన్నర రెట్లు ఉందని 2022లో తేలింది.

అట్లా అని జలుబు చేసిన ప్రతి మనిషికీ కాలూ చెయ్యీ పడిపోతుందని కాదు. చాలామందికి ఏమీ కాదు. మామూలుగా తక్కువ ఉన్న ముప్పు మూడు రెట్లయినా తక్కువే. కానీ ఎవరికి ఆ ముప్పు ముందు నుంచే ఎక్కువగా ఉందో వాళ్ళకి మూడు రెట్లంటే పెద్ద మాట. ఎవరు వాళ్ళు? అరవై దాటినవాళ్ళు, బీపీ, చక్కెర ఉన్నవాళ్ళు, గుండె జబ్బు ఉన్నవాళ్ళు, పొగాకు తాగేవాళ్ళు, ఇంతకుముందు ఒకసారి పక్షవాతం వచ్చినవాళ్ళు. అందులో మన పేట ఎంతో చూసుకోండి. పొగాకు ఈ చీరాలకు ఎంత కూడు పెట్టిందో అంత జబ్బూ పెట్టింది. పొగాకు గ్రేడింగుకు పోయిన మన ఆడవాళ్ళు ఎంతమంది! కూర లేని పూట ఉప్పుచేప, ఊరగాయ. ఉప్పు ఎక్కువైతే బీపీ పెరుగుతుందని తెలిసినా ఆ రూపాయలకు వేరే కూర రాదు. బీపీ ఉందని తెలియనివాళ్ళు తెలిసినవాళ్ళ కన్నా ఎక్కువ. తెలిసినా నొప్పి లేదు కదా అని మానేసేవాళ్ళూ చాలామంది. ఒక్క గదిలో ఆరుగురం పడుకునే ఇళ్ళలో ఒకడికి దగ్గు వస్తే అందరికీ వస్తుంది. కూలికి పోకపోతే పొయ్యి వెలగదు కాబట్టి జ్వరం పూర్తిగా తగ్గకముందే ఎండలోకి పోతాం. ఈ జబ్బుకు కులం తెలియదంటారు డాక్టర్లు. నిజమే, తెలియదు. కానీ దానికి దారి వేసిపెట్టిన వాళ్ళకు తెలుసు.

బాబాసాహెబ్ చివరి ఏళ్ళలో చక్కెర జబ్బుతో, కాళ్ళ నొప్పులతో నానా బాధలు పడ్డారు. 1948లో ఆయన పెళ్ళాడిన సవితా అంబేద్కర్ స్వయంగా డాక్టరు. మందూ, పథ్యమూ ఆమే చూసుకునేది. అంత పెద్దాయనకే పక్కన ఒక మనిషి గుర్తుచేయాల్సి వచ్చింది. మన పేటల్లో ముసలోళ్ళకు ఎవరు గుర్తుచేస్తున్నారు?

ఇప్పుడు జాగ్రత్తగా వినండి. ఇంట్లో పెద్దవాళ్ళకు జ్వరం, దగ్గు వస్తే బీపీ బిళ్ళ, చక్కెర బిళ్ళ సొంతంగా మానొద్దు. అన్నం తినలేకపోతున్నారు, కళ్ళు తిరుగుతున్నాయి అంటే ఏఎన్ఎం అమ్మ దగ్గరికో డాక్టరు దగ్గరికో పోయి బీపీ చూపించి, తగ్గించాలో ఉంచాలో వాళ్ళనే అడగండి. నిజంగానే కొన్ని బిళ్ళలు జ్వరంలో తగ్గించాల్సి రావచ్చు. కానీ అది మనం తేల్చే విషయం కాదు. గంజి, మజ్జిగ, నీళ్ళు తాగిస్తూ ఉండండి. జ్వరం తగ్గిన వారానికి మళ్ళీ బీపీ చూపించండి. ఆ నెల రోజులు కొంచెం కనిపెట్టుకుని ఉండండి. గుండె దడదడా లయ తప్పి కొట్టుకుంటుంటే చూపించండి. దగ్గుతున్న మనిషి ముసలోళ్ళ మంచం దగ్గర పడుకోవద్దు, మూతికి గుడ్డ కట్టుకోండి.

మూతి గుడ్డ అంటే మనకు ఒక కడుపుమంట ఉంది. 2020 జూలైలో ఈ చీరాలలోనే మాస్కు లేదని పోలీసులు ఆపిన మన కుర్రాడు నాలుగు రోజులకు గుంటూరులో ప్రాణం వదిలాడు. జీపులోంచి దూకాడని పోలీసులన్నారు, కొట్టడం వల్లే పోయాడని కన్నవాళ్ళు అన్నారు. ఆ పేరు నేను చెప్పక్కర్లేదు, మీకందరికీ తెలుసు. అప్పటి నుంచి మన పిల్లలకు మాస్కు అంటే లాఠీ గుర్తొస్తుంది. నాకూ అంతే. అయినా చెబుతున్నాను, అది పోలీసోడి గుడ్డ కాదు. మీ అమ్మ కోసం మీరు కట్టుకునే గుడ్డ.

ఇక పడిపోయిన మనిషిని గుర్తుపట్టడం. మూతి ఒక పక్కకు పోయిందా, నవ్వమనండి. రెండు చేతులూ చాపి ఎత్తమనండి, ఒకటి కిందకు జారుతుందా? ఒక వాక్యం చెప్పమనండి, మాట ముద్దగా వస్తుందా, లేక చెప్పింది అర్థం కావట్లేదా? ఉన్నట్టుండి ఒక కంటికి చూపు పోవడం, నిలబడలేక తూలిపోవడం కూడా ఇదే కావచ్చు. వీటిలో ఒక్కటి కనపడినా టైము చూడండి. ఏ గంటకు మొదలయ్యింది, చివరిసారి ఏ గంటకు బాగా ఉన్నాడు? గోడ మీద బొగ్గుతోనైనా రాయండి. డాక్టరు మొదట అడిగేది అదే. 108కి చేయండి. గొట్టం మూసుకుపోయిన రకానికి గడ్డను కరిగించే ఇంజెక్షను ఉంది. అది నాలుగున్నర గంటల లోపు పడాలి. ఎంత ముందు పడితే అంత మేలు. పెద్ద గొట్టం మూసుకుపోతే తీగ పంపి గడ్డను లాగేసే చికిత్స కూడా ఉంది, కొందరికి 24 గంటల దాకా చేయవచ్చు, కానీ అది పెద్ద ఊళ్ళలోనే. చీరాల నుంచి ఒంగోలు యాభై కిలోమీటర్లు, గుంటూరు అరవై పైచిలుకు. నాలుగున్నర గంటల్లో పోగలిగిన దూరమే. పసరు మందు దగ్గర వరసలో నిలబడకపోతే.

ఈలోపు నోట్లో ఏమీ పోయొద్దు. నీళ్ళు కూడా వద్దు, మింగలేక ఊపిరితిత్తుల్లోకి పోతుంది. పక్కకు తిప్పి పడుకోబెట్టండి. గుండె బిళ్ళ అని ఆస్పిరిన్ వేయొద్దు. మూసుకుపోయిందో పగిలిందో స్కాన్ తీయందే డాక్టరుకు కూడా తెలియదు. పగిలిన రకానికి ఆ బిళ్ళ వేస్తే నెత్తురు ఆగదు. బీపీ ఎక్కువ ఉందని నాలుక కింద బిళ్ళ పెట్టే ఆరెంపీలు ఉన్నారు, వాళ్ళను కూడా ఆపండి. పాస్టరుగారు వచ్చి ప్రార్థన చేస్తానంటే వద్దనొద్దు. అంబులెన్సులో కూర్చుని చేయమనండి. ప్రభువు అక్కడా వింటాడు.

పసరు మందుకు ఆ పేరు ఎట్లా వచ్చింది? ఇది నేను చాలా ఆలోచించాను. ఒట్టి మూతి మాత్రం వంకర పోయి, ఆ పక్క కన్ను మూతపడని జబ్బు ఒకటి ఉంది. అది మెదడు జబ్బు కాదు, ముఖం నరం వాపు. వైరస్ జ్వరాల తరువాత కూడా వస్తుంది. పదిమందిలో ఏడుగురికి ఏ మందూ లేకపోయినా వారాల్లో సరిగా అయిపోతుంది. ఆ పెద్దాయన మేనల్లుడిది అదే అయ్యుండాలి. ఇంకొకటి, చిన్న పక్షవాతం. చెయ్యి పడిపోయి గంటలో దానంతటదే లేస్తుంది. పసరు పోశాక లేస్తే పసరు లేపిందంటాం. నిజానికి అది హెచ్చరిక. ఆ తరువాత రెండు రోజుల్లోనే పెద్దది వచ్చే ముప్పు ఎక్కువ. లేచి కూర్చున్నాడు కదా అని ఆసుపత్రి మానేస్తే అసలుది మంచం మీదే పట్టుకుంటుంది. మూడోది, నిజమైన పక్షవాతం కూడా మొదటి మూడు నెలల్లో కొంత దానంతటదే తేరుకుంటుంది. మూడు రకాల గొప్పా పసరు ఖాతాలో పడింది. పడక్కి పరిమితమైనవాళ్ళు మళ్ళీ అక్కడికి పోయి చెప్పరు కదా! ఆ పెద్దాయన్ని నేను తప్పు పట్టను. ఆయనకు తెలిసింది ఆయన చెప్పాడు. తెలిసి కూడా పోయినవాణ్ణి నేను.

(ఇక్కడ ఒక సోదరుడు, కరోనా టీకా వేయించుకున్నందువల్లే ఇప్పుడు కుర్రాళ్ళకు కూడా గుండెపోట్లు, పక్షవాతాలు వస్తున్నాయంటున్నారు, దానికేం చెబుతారు అని అడిగారు.)

మంచి ప్రశ్న తమ్ముడూ. మొహమాటం లేకుండా చెబుతాను. కోవిషీల్డు రకం టీకాతో చాలా అరుదుగా నెత్తురు గడ్డకట్టే జబ్బు వచ్చిన మాట నిజం. దాచాల్సిన పని లేదు. అది వేసిన మొదటి వారాల్లో వచ్చేది, ఏళ్ళ తరువాత వచ్చేది కాదు. మన దేశంలో 18 నుంచి 45 ఏళ్ళ వాళ్ళ హఠాన్మరణాల మీద భారత వైద్య పరిశోధన మండలి చేసిన అధ్యయనం 2023లో బయటికి వచ్చింది. టీకా వల్ల ఆ ముప్పు పెరిగినట్టు తేలలేదు. పెంచినవి ఏమిటంటే, కరోనాతో ఆసుపత్రిలో పడి ఉండటం, కుటుంబంలో అట్లాంటి చావులుండటం, చనిపోయే ముందు రెండు రోజుల్లో విపరీతంగా తాగడం, ఒళ్ళు తెలియని శ్రమ. మన కుర్రాళ్ళు తాగుడు వదిలి టీకాను పట్టుకున్నారు! ఫ్లూకి కూడా ఏటేటా వేసే టీకా ఉంది. అది సర్కారు ఉచిత టీకాల పట్టికలో లేదు, డబ్బులు పెట్టి కొనుక్కోవాలి. ముసలోళ్ళకు, గుండె జబ్బు వాళ్ళకు అది ఉచితంగా ఇమ్మని మనం అడగాలి. ఇది అడగాల్సిన డిమాండే.

కోలుకోవడం గురించి చెప్పి ముగిస్తాను. నా మటుకు నాకు ఇదే అన్నిటికన్నా కష్టమైన భాగం.

ఆసుపత్రి నుంచి పన్నెండో రోజు పంపించేశారు. మెదడులో చచ్చిన భాగం తిరిగి రాదు. కానీ పక్క భాగాలు ఆ పని నేర్చుకుంటాయి. చేయిస్తేనే నేర్చుకుంటాయి. పడిపోయిన చేతిని రోజూ కదిలించాలి, నిలబెట్టాలి, నడిపించాలి. మొదటి మూడు నెలలు తొందరగా వస్తుంది. ఆ తరువాత ఇక రాదంటారు, అది తప్పు. మెల్లగా వస్తూనే ఉంటుంది. మంచం మీద ఉన్నన్నాళ్ళు రెండేసి గంటలకు ఒత్తిగిలించకపోతే పుండ్లు పడతాయి. పడిపోయిన చెయ్యి పట్టుకుని లేపకూడదు, భుజం కీలు జారుతుంది. ఇది తెలియక మా ఇంట్లో మేమే చేశాం. ముద్ద పెట్టేటప్పుడు నిటారుగా కూర్చోబెట్టాలి. మాట రాని మనిషికి బుద్ధి పోయిందనుకోకూడదు. వాళ్ళకు అన్నీ అర్థం కావచ్చు, మాట మాత్రం దొరకదు. మా అమ్మ ముందే "ఇక ఈమె పని అయిపోయింది" అన్న చుట్టాలున్నారు. ఆమె కళ్ళలో నీళ్ళు తిరగడం నేను చూశాను. పక్షవాతం వచ్చినవాళ్ళలో ముగ్గురిలో ఒకరికి మనసు కుంగిపోతుంది. దానికి కూడా మందు ఉంది.

ఈ చాకిరీ అంతా ఎవరు చేశారు? నేను బడికి పోయాను. నా భార్య, నా చెల్లెలు చేశారు. చెల్లెలు ఆ ఏడు కూలి పని మొత్తం మానేసింది. 'కుటుంబం చూసుకుంటుంది' అని సర్కారు అంటే కుటుంబంలో ఎవరు అని అడగండి. మన దేశంలోనే 14 ఆసుపత్రుల్లో 1,250 మంది పక్షవాతం రోగుల మీద ఒక పెద్ద పరిశీలన జరిగింది. ఇంట్లోవాళ్ళకు వ్యాయామాలు నేర్పించి పంపిస్తే సరిపోతుందా అని చూశారు. 2017లో ఫలితం వచ్చింది: అట్లా నేర్పించి పంపినందువల్ల అదనంగా మేలు కనపడలేదు. ఇంటి ఆడవాళ్ళ ఒళ్ళు హూనం చేసుకుంటే ఫిజియోథెరపిస్టు లోటు తీరదని నాకు అర్థమయింది. మా అమ్మకు ఫిజియోథెరపీ కోసం వారానికి మూడుసార్లు ఆటో కట్టించుకుని టౌనుకు పోయాం. ఆటోకే నెలకు నా జీతంలో ఎంత పోయేదో చెప్పను. నాకు జీతం ఉంది. కూలి మనిషికి ఏముంది? ప్రతి మండలానికీ ఒక ఫిజియోథెరపిస్టు, ఊరికి వచ్చి చూసేవాడు కావాలని మనం రాసి ఇవ్వాలి. కాగితం నేను రాస్తాను. సంతకాలు మీరు చేయండి.

పింఛను సంగతి. 2024 జూలై నుంచి వికలాంగులకు నెలకు 6,000, పక్షవాతంతో పూర్తిగా మంచానికో చక్రాల కుర్చీకో పరిమితమైనవాళ్ళకు 15,000 అని పెట్టారు. దానికి సదరం సర్టిఫికెట్టు కావాలి. 2025లో ఈ సర్టిఫికెట్లన్నీ మళ్ళీ తనిఖీ చేశారు, చాలామందికి నోటీసులు వచ్చాయి. అట్లాంటి నోటీసు వచ్చిన పక్షవాతం మనిషి ఈ పేటల్లో ఉంటే కార్యకర్తలు ఆ ఇంటికి పోండి. ఆసుపత్రి చీటీలు, స్కాను ఫిల్ము పారేయకుండా దాచిపెట్టమని చెప్పండి. మంచంలో ఉన్న మనిషిని క్యాంపు దాకా మోసుకుపోవడానికి నలుగురు కావాలి. ఆ నలుగురు మనమే. పెద్దాసుపత్రికి పోయినప్పుడు ఆరోగ్యమిత్ర అనే మనిషి బల్ల దగ్గర కూర్చుంటాడు, కార్డు మీద ఏ చికిత్స వస్తుందో అడగడానికి భయపడొద్దు. అడిగితే విసుక్కుంటాడు. విసుక్కోనివ్వండి, మళ్ళీ అడగండి.

ఒకసారి వచ్చినవాళ్ళకు రెండోసారి వచ్చే ముప్పు ఉంటుంది. కాబట్టి బీపీ బిళ్ళ, డాక్టరు రాసిన నెత్తురు పలచన చేసే బిళ్ళ, కొవ్వు బిళ్ళ ఇవన్నీ ఇక జీవితాంతం. బీపీ 140 మీద 90 దాటకూడదు, ఇంకా తగ్గితే ఇంకా మంచిది. మళ్ళీ జ్వరం వచ్చినప్పుడు మళ్ళీ ఇదంతా గుర్తురావాలి.

మా అమ్మ? ఉంది. చేతికర్ర పట్టుకుని వాకిట్లోకి నడుస్తుంది. కుడి చెయ్యి ఇంకా ముడుచుకునే ఉంటుంది, ఎడం చేత్తో ముద్ద కలుపుకుంటుంది. మాట రెండు నెలల దాకా రాలేదు. మా చిన్నది వాళ్ళ నాయనమ్మకు బొమ్మలు చూపించి మాటలు చెప్పించేది, చదువు రాని మనిషికి మనవరాలు పంతులమ్మయింది. ఒక రోజు అన్నం పెడితే మొహం చిట్లించి మొదటి మాట అంది, "కారం" అని. కూరలో కారం చాలలేదని! జీవితమంతా కారం కోసిన మనిషి కదా. ఇంట్లో అందరం ఏడ్చాం, నవ్వాం. ఆ రోజు కూరలో కారం వేశాం గానీ, డాక్టరు మాట మీద ఉప్పు మాత్రం వేయలేదు.

చాలాసేపు మాట్లాడాను. ఆ బల్ల మీద బీపీ మిషను ఉంది, మన ఏఎన్ఎం అమ్మ వచ్చి అరగంట నుంచి కూర్చుని ఉంది. ముప్పై దాటిన ప్రతి ఒక్కరూ చూపించుకుని పేరు, అంకె ఆ పుస్తకంలో రాయించుకుని పోవాలి. మొన్న సంక్రాంతికి దగ్గు, జ్వరం వచ్చినవాళ్ళు ముందు వరసలోకి రండి. ఆడవాళ్ళు సిగ్గుపడి వెనక్కి పోవద్దు. మాట్లాడింది నేను కాబట్టి మొదటి చెయ్యి నాదే పెడతాను. జై భీమ్.